దున్నపోతు కేకుకు కొమ్ములు

ఆరో పుట్టినరోజుకి ఏం కేకు కావాలే అని శుక్రవారం మా పాపని అడిగాను. అందరి పిల్లల్లాగా బొమ్మనో, కోటనో, సీతాకోకచిలకనో అడుగుతుందనుకున్నాను. అది మాత్రం తడుముకోకుండా "దున్నపోతు" అంది.

"సదర్‌లో చూశాం కదా, దండలేసుకుని డాన్స్ చేసింది. అది కావాలి."

దీపావళి వెళ్లగానే దున్నపోతులకి నూనె రాసి, పూలదండలూ గవ్వల పేర్లూ కట్టి, డప్పుల మధ్య ఊరేగించే పండగ సదర్. పాపని దానికి తీసుకెళ్లింది మా అత్తమ్మ. ఆవిడ పుట్టిల్లు బోయిగూడలో పాలవాళ్ల ఇల్లు. పుట్టిన దగ్గర్నుంచి పెళ్లయ్యేదాకా బర్రెల మధ్యే పెరిగింది. కాబట్టి ఈ దున్నపోతు ఆలోచన ఎవరిదో నాకు వెంటనే అర్థమైంది. అర్థమైనా వెళ్లి అడగలేను. అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసి అప్పటికి తొమ్మిది రోజులు.

తప్పు నాదే. ఆ రోజు ఆఫీసు నుంచి తల పగిలిపోతూ వచ్చాను. ఆవిడ ఇచ్చిన టీ ఒక గుక్క తాగి, నోరు ఊరుకోక, "ఇది టీనా, కుడితా? గేదె కూడా ముట్టదు" అనేశాను. మాది తెనాలి వైపు. మా ఇంట్లో ఇలాంటివి రోజుకి పది అనుకుంటాం, ఎవరూ పట్టించుకోరు. అత్తమ్మ మాత్రం చేతిలో టీ జల్లెడ సింకులో పడేసి, "కుడితి ఎట్ల కలుపుతరో నీకెరుకనా? మా బర్రెలు ఏం తాగుతయో నీకెరుకనా?" అంది. అంతే, అదే ఆఖరి మాట. మర్నాటి నుంచి నాకు టీ కూడా బంద్. నిజం చెప్పొద్దూ, ఎనిమిదేళ్లుగా ఆ టీని తిట్టుకుంటూ తాగినదాన్ని, మూడో రోజుకే దానికోసం ప్రాణం లాగింది. ఆవిడ "బిడ్డా" అని పిలవకపోతే సాయంత్రం ఇంటికి రావడం ఏదో లాడ్జిలో దిగినట్టే ఉండేది.

క్షమించమని అడగొచ్చు కదా అంటారేమో. అడగొచ్చు. కానీ నాకూ పొగరుంది మరి.

శనివారం పొద్దున్నే కేకు మొదలుపెట్టాను. మా ఆయన ఇంట్లో గాలి ఎటు వీస్తోందో చూసి, బెలూన్లు తెస్తానంటూ ఎక్కడో ఉన్న కార్ఖానా ఏరియాకి వెళ్లిపోయాడు. మేముండే పద్మారావు నగర్‌లో మా వీధి మూల కొట్లోనే బెలూన్లు దొరుకుతాయి.

మూడు చాక్లెట్ కేకులు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో క్రీమ్ రాశాను. గుడ్డు వెయ్యలేదు, పెరుగు వేశాను. శనివారం గుడ్డు ముట్టనివాళ్లు ఇంట్లో ఒకరున్నారు కదా. ఇక పైనంతా నల్ల క్రీమ్ పులమాలి. రంగు ఎన్ని చుక్కలు వేసినా బూడిదలాగే ఉంటోందని ఒళ్లు మండి సీసా మొత్తం ఒంపేశాను. అప్పుడొచ్చింది అసలైన నలుపు. నా చేతులకీ, గోడకీ, పాప నుదుటికీ కూడా వచ్చింది.

కళ్లకి తెల్ల చాక్లెట్ బిళ్లలు, ముక్కుకి రెండు బిస్కట్లు అతికించి, కొమ్ములుగా రెండు ఐస్‌క్రీమ్ కోన్లు గుచ్చాను. వెనక్కి జరిగి చూసుకున్నాను. పంది. టోపీలు పెట్టుకుని పార్టీకి బయల్దేరిన పంది.

అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పెదాలు బిగించింది కానీ, లోపల మాటలు కుతకుతలాడుతున్నాయని తెలుస్తూనే ఉంది.

"నానమ్మా, బాగుందా?" అంది పాప.

"మీ అమ్మకు చెప్పు, గవి కొమ్ములు గావు. కుందేలు చెవుల్లెక్క ఉన్నయి."

నేను రెండడుగుల దూరంలోనే ఉన్నా, పాప నా వైపు తిరిగి మొత్తం అప్పజెప్పింది.

"మరెలా ఉండాలో ఆవిడనే చెప్పమను," అన్నాను.

"కొమ్ములు ఎన్కకు పోయి ఒంపు తిరగాలె అని చెప్పు. మొకం గింత గుండ్రంగ ఉండదని చెప్పు. ఇది ఏ ఊరి దున్నపోతో అడుగు."

"మా ఊళ్లో ఇలాగే ఉంటాయని చెప్పు!"

"అట్లయితే మీ ఊరి దున్నపోతులకు ఏం తక్లీఫ్ ఉన్నదో డాక్టర్‌కు చూపియ్యమను."

మాట చేరవేసినప్పుడల్లా చెంచాడు క్రీమ్ ఇవ్వాలంది పాప. ఇద్దరం నోరు మూసుకుని ఇచ్చాం. పది నిమిషాల్లో దాని పళ్లూ నాలుకా బొగ్గు అయిపోయాయి.

చివరికి అత్తమ్మ ఉండబట్టలేకపోయింది. పాప కోసం తను చేసిన పాలకోవాని ఫ్రిజ్‌లోంచి తీసి, కోకో పొడి కలిపి పిసకడం షురూ చేసింది. రెండు పొడుగు చుట్టలు చేసి, అరచేతుల మధ్య ఒత్తుతూ వెనక్కి వంచి, మొదళ్లలో చెరో పుల్ల గుచ్చింది. నా కోన్లు రెండూ పీకి పారేసి వాటిని నిలబెట్టింది. పంది కాస్తా దున్నపోతయింది. మొహంలో పొగరు కూడా వచ్చింది.

నేనేం తక్కువా? మా అమ్మ పంపిన బెల్లం గవ్వల డబ్బా తీసి, ఒక్కో గవ్వా కేకు చుట్టూ దండలా అతికించాను. అత్తమ్మ వంగి చూసింది.

"మంచిగున్నదని చెప్పు," అంది పాపతో.

పాప నోటినిండా కోవా ఉంది కాబట్టి చెప్పలేదు. నేను మాత్రం విన్నాను.

సరిగ్గా అప్పుడే కొమ్ముల బరువుకి పై పొర జారడం మొదలుపెట్టింది. దున్నపోతు మెల్లగా తల వంచి నేలకేసి చూసింది.

"అమ్మో!" అన్నాను.

"పట్టుకో! పట్టుకో బిడ్డా! గట్ల గాదు, కింది నుంచి పట్టు! చెయ్యి తియ్యకు, నేను పుల్ల గుచ్చుత!"

ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. మా మొహాల మధ్య జానెడు దూరం. ఆవిడ పొడుగు పుల్లలు మూడు తీసుకుని మూడు పొరల్లోంచి దించేసింది. కేకు నిలబడింది. నాతో నేరుగా మాట్లాడేసిన సంగతి ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. చటుక్కున మొహం తిప్పేసుకుని, "మీ అమ్మను చేతులు కడుక్కోమను," అంది పాపతో.

సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ ఏడ్చాను. ఆ "బిడ్డా" పొరపాటున జారిందని తెలుసు. అయినా అది నాదే, తిరిగిచ్చే ప్రసక్తే లేదు.

సాయంత్రం పిల్లలొచ్చారు, కోశారు, తిన్నారు. అరగంటలో ఇల్లంతా నల్ల నోళ్లు. తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు తమ పిల్లలెవరో పోల్చుకోలేక పరేషాన్ అయ్యారు. పాపతో అత్తమ్మకి ఒక ముక్క పంపించాను.

"నాకు ఒక్కపొద్దు. ముట్టనని చెప్పు."

గుడ్డు లేదని చెప్పించాను.

"అయినా ముట్టనని చెప్పు."

నాకు చాలా బాధేసింది. మిగిలిన ఒక కొమ్మునీ, సగం మొహాన్నీ ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను.

ఆదివారం పొద్దున ఫ్రిజ్ తీస్తే కొమ్ము లేదు. సగం మొహమూ లేదు. పాప నిద్రపోతోంది, మా ఆయన గురక పెడుతున్నాడు. అత్తమ్మ స్టవ్ ముందు, నాకు వీపు చూపిస్తూ నిలబడింది. కాసేపటికి ఒక కప్పు తెచ్చి నా ముందు ఠక్కున పెట్టింది.

తాగాను. అదే టీ. మూడుసార్లు కాగి, అల్లం ఘాటుకి గొంతు మండిపోయే, చక్కెర మర్చిపోయిన టీ.

"ఏందే," అంది, సూటిగా నా కళ్లలోకి చూస్తూ, "బర్రె తాగుతదా?"

ఆవిడ నోరు తెరిచేసరికి కనపడింది. నాలుక, పళ్లు, చిగుళ్లు, అన్నీ కారునలుపు.

"తాగుతది అత్తమ్మా," అన్నాను. "ఇంకో కప్పున్నా తాగుతది."