లారీ ఎక్కి తిరిగిన జీపు

మా బావ జీపు కంచరపాలెం నుంచి బళ్ళు రిజిస్టర్ చేసే ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ లారీ మీదే వెళ్ళింది. ఇంజను బాగుంది, బ్రేకులు బాగున్నాయి, సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి స్టార్టయ్యేది. అయినా దాన్ని లారీ ఎక్కించి, తాళ్ళతో కట్టి ఊరేగించేవాళ్ళం. "పెళ్ళికూతురు బయల్దేరిందిరోయ్" అని టీ కొట్టు దగ్గర జనం నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. ఇప్పుడు రాస్తుంటే కూడా రావడం లేదు.

బావ అంటే మా అక్క భర్త. ఎలమంచిలి దగ్గర ఒక పల్లెలో పుట్టి, మిలిటరీలో డ్రైవరుగా చేరి, ఇరవై ఏళ్ళకి పైగా మంచుకొండల్లో జీపులు నడిపాడు. రిటైరయ్యాక కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మెకానిక్ షెడ్డు పెట్టుకున్నాడు. నేను స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ మనిషిని. నాకన్నా పెద్దవాడైనా నన్నూ బావా అనే పిలుస్తాడు. మా వైపు అంతే.

ఆ జీపుని మిలిటరీ వేలంలో కొన్నాడు. పనికిరాదని వాళ్ళు పక్కన పడేసిన బండి. ఏడాదిన్నర పాటు ఒక్కొక్క నట్టూ విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ బిగించాడు. బండి సిద్ధమైన నెలలోనే కళ్ళ డాక్టరు ఒక మాట చెప్పాడు. కంటి నరం ఎండిపోతోందట. పక్కల నుంచి చూపు మూసుకుపోతూ వస్తుందట. ఇప్పటికి పగటిపూట నడపొచ్చు గానీ, ఏడాది దాటాక నడపమని నేను చెప్పలేనన్నాడు. ఆస్పత్రి మెట్లు దిగుతూ బావ నాతో ఒకటే అన్నాడు. "బావా, ఈ బండిని ఓపాలి నా సేత్తో బీమిలి రోడ్డు మీద నడపాల. ఆ తరవాత ఏటైనా అవనీ."

దీనికేం, రేపు పొద్దున్నే పోదాం పద, ఎవడాపుతాడు అన్నాను. బావ నన్ను వింతగా చూశాడు. బండి ఇంకా రిజిస్టరే కాలేదు. మిలిటరీలో కార్ డైరీ అని ఒక పుస్తకం ఉంటుందట. బండి ఎక్కడికి వెళ్తోంది, ఎందుకు వెళ్తోంది రాసి, ఆఫీసరు సంతకం పెట్టనిదే బండి గేటు దాటదు. ఇరవై ఏళ్ళలో సంతకం లేకుండా ఒక్క గజం కూడా నడపలేదట. "సంతకం అవనీ బావా. సంతకం అయితే మారాజునాగ ఎల్దాం" అన్నాడు.

అదీ మా బావ పిచ్చి. ఆ పిచ్చితోనే ఆఫీసు వాళ్ళు ఆడుకున్నారు.

మొదటి రోజు కౌంటర్లో గుమాస్తా మా కాయితాలు తిరగేసి, "మొదటి ఓనరు ఎవరండీ?" అన్నాడు. వేలం కాయితం చూపించాను. మిలిటరీ బండి ఏదైనా భారత రాష్ట్రపతి పేరు మీదే ఉంటుంది. గుమాస్తా అది చదివి, ఏమాత్రం తొణక్కుండా, "అయితే మొదటి ఓనరుది ఆధారు జిరాక్సు, అడ్రసు ప్రూఫు జత చెయ్యండి" అన్నాడు. వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు. కంప్యూటర్లో ఆ గడి ఖాళీగా ఉంటే పని ముందుకి జరగదట. ఢిల్లీ వెళ్ళి తలుపు కొట్టమంటారా అన్నాను. "అది మీ ఇష్టమండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. బావ నా చొక్కా పట్టుకుని పక్కకి లాగాడు. "ఆరి మీద అరిస్తే ఏటొస్తాది? ఆరికీ పైనోడు సెప్పుంటాడు."

ఆ ఒక్క గడి నిండడానికి ఐదు నెలలు పట్టింది. బండిని వేలం వేసిన మిలిటరీ డిపోకి ఉత్తరం, డిపో నుంచి జవాబు, ఆ జవాబు మీద స్టాంపు లేదని మళ్ళీ ఉత్తరం. అదయ్యాక బండి తయారైన ఏడాది ఉంది గానీ నెల లేదన్నారు. మా ఊళ్ళో సగం మంది పుట్టినరోజులు బళ్ళో మేష్టారు పెట్టినవే. మనుషులకి చెల్లింది, జీపుకి చెల్లలేదు. దానికి ఇంకో మూడు నెలలు.

ఈలోగా రంగు గొడవ వచ్చింది. మిలిటరీ పచ్చరంగు మామూలు జనం బళ్ళకి ఉండకూడదని రూలు. మంచిదే, ఒప్పుకున్నాం. బావ ఆ పచ్చంతా గీకి, ఇటుకరంగు వేశాడు. వేసి, బండిని లారీ ఎక్కించి తీసుకెళ్తే, ఆ రోజు తనిఖీ చేసిన ఆయన కాయితం చూసి, బండి చూసి, తల అడ్డంగా ఊపాడు. కాయితంలో పచ్చ అని ఉంది, బండి ఎర్రగా ఉంది, రెండూ ఒకటి కాదన్నాడు. పచ్చగా ఉంటే తప్పు, ఎర్రగా ఉంటే తప్పు, మరి ఏ రంగులో తెమ్మంటారు అని గట్టిగానే అడిగాను. రంగు మార్చడానికి ముందుగా అర్జీ పెట్టుకోవాలట. రిజిస్టరే కాని బండికి రంగు మార్చే అర్జీ ఎలా తీసుకుంటారని అడిగితే, తీసుకోరట. ఆ మాట అని ఆయన భోజనానికి వెళ్ళిపోయాడు. ఎండలో లారీ మీద జీపు, దాని నీడలో మేమిద్దరం.

రెండోసారి తీసుకెళ్ళిన రోజు, తనిఖీ చేసే ఆయన సెలవులో ఉన్నాడు. చెప్పి ఉంటే వెళ్ళేవాళ్ళమే కాదు. చెప్పాల్సిన పని తమది కాదన్నారు.

ఆఫీసు బయట జిరాక్సు కొట్టు పక్కన బ్రోకర్లుంటారు. అందులో ఒకతను మా అవస్థ చూసి, వారంలో చేయించేస్తానన్నాడు. నేను సరేననబోయాను. బావ ఒప్పుకోలేదు. "కొనుక్కొచ్చింది సంతకమేటి బావా? అది ఉత్త గీత" అన్నాడు. ఆ రోజు బావకి తెలీకుండా ఆ బ్రోకరుకి పని ఒప్పజెప్పేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. నిజాయితీగా ఉన్నందుకు మనిషి ఇలా లెంపలేసుకునేలా చేసిన ఆఫీసుని ఏమనాలో నాకు తెలీదు. తెలిసిన మాటలు అచ్చులో రాయడానికి పనికిరావు.

ఏడాది గడిచింది. ఆ పైన మరో నాలుగు నెలలు. బావ భోజనం చేస్తూ పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు తన్నేయడం మొదలుపెట్టాడు. షెడ్డులో పక్క నుంచి ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. డాక్టరు మళ్ళీ చూసి, ఇంక స్టీరింగు ముట్టుకోవద్దని కచ్చితంగా చెప్పేశాడు. నాకు ఏడుపొచ్చింది. బావ మాత్రం అలాగేనండని దణ్ణం పెట్టి లేచాడు.

ఆ తరవాత మూడు వారాలకి ఆఫీసు నుంచి కబురొచ్చింది, కాయితంలో రంగు దిద్దారు, బండి తీసుకురమ్మని. నేను వద్దన్నాను. "మొదలెట్టినాం, పూర్తి సెయ్యాల" అని బావే లారీ మాట్లాడాడు.

ఈసారి తనిఖీకి కొత్తాయన వచ్చాడు. కుర్రాడు కాదు గానీ ఉషారైన మనిషి. జీపుని చూడగానే మొహం వెలిగిపోయింది. ఇలాంటిది ఒక్కసారి నడపాలని చిన్నప్పట్నించీ కోరిక అంటూ ఎక్కి కూర్చున్నాడు. ఒక్క చుట్టు చాలు పరీక్షకి. ఆయన ఆ మైదానంలో నాలుగు చుట్లు తిప్పాడు. అటెండరు చేతికి ఫోనిచ్చి వీడియో తీయించుకున్నాడు. ఏడాదిన్నరగా మా చెప్పులరగదీసిన ఆఫీసు, మా బావ బండి మీద సరదాగా షికారు కొడుతోంది. నేను పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. బావ తల ఒక పక్కకి వంచి, గేర్ల చప్పుడు వింటున్నాడు. "రెండో గేరు నీటుగా పడతంది, సూసినావా?" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని నాకు ఇంకా మండింది.

ఆయన దిగి, ఫైలు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. అర నిమిషం పట్టలేదు. అన్నాళ్ళూ ఆ అర నిమిషం ఎవరి దగ్గర ఉండిపోయిందో నాకు ఇప్పటికీ తెలీదు.

"సూపరుందండీ బండి. రోజూ నడుపుతారా?" అని బావని అడిగాడు.

"నేద్సార్. ఒక్కపాలి కూడా రోడ్డెక్కించనేదు. మీ సంతకం అవనేదు గదా" అన్నాడు బావ. అందులో వెటకారమేమీ లేదు. ఉన్నమాట చెప్పాడంతే.

ఆయన పకపకా నవ్వి, "ఇంకేం, హాయిగా నడుపుకోండి" అంటూ తాళంచెవి బావ చేతిలో పెట్టాడు.

బావ తాళంచెవి తీసుకుని, "ఇదిగో బావా, నువ్వు నడుపు" అంటూ పక్కకి చాపాడు. నేను అటు లేను, ఇటు పక్కన ఉన్నాను. గబగబా బావ చుట్టూ తిరిగి వెళ్ళి, మొదట్నించీ అక్కడే ఉన్నట్టు దాన్ని అందుకున్నాను.