వెంట్రుకవాసి తేడా

మా తమ్ముడిని మా వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "వెంట్రుకవాసి ఉన్నాడా?" అని అడుగుతారు. వాడు కార్ల మెకానిక్కు. స్పార్క్ ప్లగ్గు కొన దగ్గర నిప్పురవ్వ దూకడానికి వదిలే చిన్న ఖాళీ ఉంటుంది చూడండి, దాన్ని సరిచేస్తూ "వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోను" అని వచ్చినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ ఆ పేరు తగిలించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా అదే రేకుల షెడ్డు, అదే చెక్క బల్ల, అదే మాట.

నా సంగతీ చెప్పాలి. బడిలో సైన్సు ల్యాబ్ అటెండరుగా చేసి రిటైరయ్యాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ప్రతిదానికీ "ఎందుకు?" అని ఆరా తీయడం దానికన్నా పెద్ద జబ్బు. రిటైరయ్యే రోజున గోడ గడియారం కొనిపెడతామన్నారు. "గడియారం నాకెందుకండీ, బీరువాలో పడున్న ఆ పాత స్క్రూగేజి ఇవ్వండి" అన్నాను. హెడ్మాస్టరుగారు నా వంక వింతగా చూశారు, ఇచ్చారు. వెంట్రుక మందం కూడా కొలిచే పరికరం అది. ఇంటి పని అయ్యాక షెడ్డుకు పోయి, తమ్ముడి బల్ల పక్కన స్టూలు వేసుకుని వాడి బుర్ర తినడమే ఇప్పుడు నా ఉద్యోగం.

వాడి పని చూస్తూ కూర్చుంటే పొద్దే తెలియదు. పాత ప్లగ్గులు విప్పి, ఇంజన్లో ఉన్న వరుసలోనే బల్ల మీద నిలబెడతాడు. కొన బిస్కెట్ రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, మసి కమ్మితే పెట్రోలు సరిగా కాలనట్టు, జిడ్డుగా ఉంటే లోపలికి ఆయిల్ దిగుతున్నట్టు. ఇవన్నీ నేను అడిగి అడిగి రాబట్టినవే. అడగకపోతే వాడు నోరు విప్పడు.

"కొత్తవి కొనేటప్పుడు బిగించే మర చుట్లు సరిపోతే చాలదుట్రా?" అని ఒకసారి అడిగాను.

"చాలదక్కా. మర పొడుగైతే లోపల పిస్టన్ తగిలి కొంప మునుగుతుంది. అది సరిపోయినా ఇంకో చిక్కుంది. కొన్ని ప్లగ్గులు వేడిని గబుక్కున వదిలేస్తాయి, కొన్ని పట్టుకు కూర్చుంటాయి. ఏ ఇంజన్‌కి ఏది చెప్పారో అదే వెయ్యాలి."

"పట్టుకు కూర్చునేవి నాలాంటివన్నమాట."

"నేనేమీ అనలేదు తల్లీ," అన్నాడు ప్లగ్గు మీద నంబరు చదువుతూ.

ఆ తర్వాత గ్యాపు. వాడికి పని నేర్పిన మేస్త్రీ ఇచ్చిన సన్నటి ఉక్కు పట్టీ ఒకటి ఎప్పుడూ జేబులో ఉంటుంది. దాని మందం సున్నా పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు. ప్లగ్గు పైన వంగి ఉండే కొక్కేన్ని చెక్క మీద మెల్లగా తట్టి దగ్గర చేస్తాడు. మరీ దగ్గరైతే చిన్న పరికరంతో కాస్త ఎత్తుతాడు. మధ్యలో ఉన్న కడ్డీ జోలికి మాత్రం పోడు, చుట్టూ ఉన్న పింగాణీ పగులుతుందని. పట్టీ ఆ ఖాళీలోంచి, పుస్తకాల మధ్య ఇరుక్కున్న ఉత్తరాన్ని లాగినంత బిగువుగా రావాలి. జారిపోయినా తప్పే, ఆగిపోయినా తప్పే. మళ్లీ మొదటికొస్తాడు.

అంత చాదస్తుడి దగ్గరికి డ్రైవింగ్ టీచరమ్మ కారు మూడోసారి తిరిగొచ్చింది.

"మీ మీద గౌరవం కొద్దీ చెబుతున్నాను," అంది ఆవిడ, తాళాలు బల్ల మీద పెట్టి. "ఎత్తు మీద బండి ఆపి, క్లచ్ సగం వదలగానే ఠక్కున ఆగిపోతోంది. నేర్చుకునేవాళ్ల తప్పనుకుని పాపం వాళ్లని చెడామడా తిట్టాను. నిన్న నేను నడిపినా ఆగింది. గురువారం నావాళ్లు నలుగురికి పరీక్ష. ఈసారి కూడా ఇలాగే అయితే పెద్ద సర్వీస్ సెంటర్‌కు పోతాను. ఏమీ అనుకోకండి."

తమ్ముడు తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. మొదటిసారి బండి మామూలు సర్వీసుకు వచ్చినప్పుడు ప్లగ్గులు కొత్తవి వేశాడు. రెండోసారి ఎంపికలోనే పొరపాటు జరిగిందేమోనని పుస్తకం తిరగేసి, నంబరు అక్షరం అక్షరం సరిచూసి, ఇంకో పెట్టె తెప్పించి వేశాడు. వైర్లు, కాయిల్, పెట్రోలు దారి, అన్నీ చూశాడు. ఇంకేం మిగిలింది? ఆవిడ వెళ్లిపోయాక కుడిచేయి బల్ల మీద చాపి, వేళ్లు విడదీసి చాలాసేపు చూసుకున్నాడు.

"నా చెయ్యి పోయిందక్కా," అన్నాడు.

"పిచ్చి వాగుడు వాగకు," అని కసిరాను. లోపల మాత్రం కంగారు పుట్టింది.

ఆ సాయంత్రం మరదలు వచ్చి అసలు సంగతి చెప్పింది. "వదినా, గురువారం ఆ బండి ఆగితే షెడ్డు ఖాళీ చేసి పక్కన టైర్లతనికి ఇచ్చేస్తానని మాటిచ్చేశారు. ఈయనకు పని నేర్పిన మేస్త్రీ చేతులు వణుకుతున్నా పని మానలేదట, ఎన్నో బళ్లు పాడుచేశాడట. జనం ఆయన వెనక నవ్వుకోవడం మీ తమ్ముడు చూశారట. ఆ గతి నాకొద్దంటున్నారు. పని మానేస్తే ఈ మనిషి ఏమైపోతారో నాకు భయంగా ఉంది. మీరే ఏదో ఒకటి చెయ్యండి."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ఇంకా కోపమొస్తుంది. ఊరికే ఉండలేక టీచరమ్మకు ఫోన్ చేశాను. బండి ఎప్పుడూ ఇలాగే ఉంటుందా, ఎప్పుడైనా బాగుంటుందా అని గుచ్చి గుచ్చి అడిగాను.

"అదే విచిత్రమండీ. ప్లగ్గులు పాతబడే కొద్దీ బుద్ధిగా నడుస్తుంది. కొత్తవి వేసిన రోజు నుంచే మొరాయింపు మొదలు."

చూశారా! కొత్తవి వేస్తే చెడుతుంది, పాతబడితే బాగవుతుంది. ఇదెక్కడి విడ్డూరం? తెల్లవారగానే స్క్రూగేజి సంచిలో వేసుకుని షెడ్డుకు పోయాను. వాడు టీచరమ్మ కారు ప్లగ్గులు నాలుగూ విప్పి, మళ్లీ గ్యాపు పెట్టి, బల్ల మీద నిలబెట్టి, వాటికేసి దిగులుగా చూస్తున్నాడు.

"ప్లగ్గు పాతబడితే ఏమవుతుందిరా?"

"కొన అరుగుతుంది."

"అరిగితే?"

"గ్యాపు పెరుగుతుంది."

"అంటే, గ్యాపు పెరిగాక బండి బాగుంటోంది. నువ్వు పెడుతున్నది తక్కువన్నమాట, రవ్వ బలంగా దూకడం లేదు."

"పట్టీ పెట్టే చూస్తున్నాను కదక్కా!"

"ప్లగ్గుని పట్టీ చూసింది. పట్టీని ఎవరు చూశారు?"

వాడికి రోషం వచ్చింది. మేస్త్రీ ఇచ్చిన వస్తువును అనుమానిస్తావా అన్నట్టు చూశాడు. చెయ్యి చాపితే తప్పక ఇచ్చాడు. పట్టీ అద్దంలా మెరిసిపోతోంది, నా ముఖం కనిపిస్తోంది అందులో. ఒక చివర కొలత చెక్కి ఉండాలి. నేను చూసిన గుర్తు. ఇప్పుడక్కడ నున్నగా ఉంది, అంకె ఆనవాలు కూడా లేదు.

స్క్రూగేజి దవడలు రెండూ కలిపి, ముందు సున్నా సున్నా దగ్గరే ఉందో లేదో చూసుకున్నాను. అది చూడకుండా కొలవబోయిన పిల్లలకు మొట్టికాయలు వేసిన చెయ్యి నాది. తర్వాత పట్టీని మూడుచోట్ల కొలిచాను. సున్నా పాయింట్ అరవై రెండు. అరవై ఒకటి. అరవై రెండు.

"నీ గేజీయే తప్పేమో," అన్నాడు.

"నోరు ముయ్యి," అని, నేనే వెళ్లి విడిభాగాల దుకాణంలో కొత్త పట్టీల కట్ట కొనుక్కొచ్చాను. అందులో సున్నా పాయింట్ ఎనిమిదిది కొలిస్తే సరిగ్గా ఎనభై చూపించింది. వాడు నా భుజం మీంచి తొంగి చూస్తూ నోరు తెరిచాడు.

నాకు అనుమానం ఇంకా తీరలేదు. వాడు పొద్దున్న గ్యాపు పెట్టిన నాలుగు ప్లగ్గులూ ముందుకు లాక్కున్నాను. కొత్త కట్టలో అరవై పట్టీ మొదటిదాంట్లో దూరింది, అరవై ఐదుది దూరలేదు. రెండోదీ అంతే. మూడోదీ, నాలుగోదీ అంతే. "మళ్లీ పెట్టు, నీ పాత పట్టీతోనే," అన్నాను. కొక్కేలు ఎత్తేసి మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే. ఇంకోసారి పెట్టించాను. మొత్తం పన్నెండు సార్లు. అరవై దూరుతుంది, అరవై ఐదు దూరదు, ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

"ఒరేయ్, చెయ్యి పోయినవాడు పెడితే ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటుందిరా," అన్నాను. "నీ చేతికేం రోగం? తప్పు కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా చేశావు కదరా!"

వాడు చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. నవ్వబోయాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"మరి ఉక్కు ఇంతలా ఎలా అరిగింది? ప్లగ్గులు రాసుకుంటేనే ఇంత పోతుందా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

వాడు సొరుగు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు. ఆ చూపు నేను పట్టేశాను. సొరుగు లాగితే సన్నటి గరుకు కాగితం చుట్ట కనిపించింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ల కిందట ఒక వానాకాలం ఆ పట్టీ మీద తుప్పు మచ్చ చూసి నేనే రెచ్చిపోయాను. "పనిముట్టుకు తుప్పు పట్టనిచ్చేవాడు పనివాడేనా? శనివారం శనివారం గరుకు కాగితంతో రుద్దు" అని చీవాట్లు పెట్టి, కాగితం కూడా నేనే కొని తెచ్చాను. అయిపోయినప్పుడల్లా నేనే తెస్తున్నాను. చిన్నప్పటి నుంచీ నేను చెప్పింది చెప్పినట్టు చేసే వెర్రివాడు వాడు. శనివారం శనివారం రుద్దాడు.

ల్యాబ్‌లో స్క్రూగేజి మీద పిల్లల తడి వేలు పడితేనే కేకలేసేదాన్ని. నూనె గుడ్డతో తప్ప తుడవనిచ్చేదాన్ని కాదు. తమ్ముడి పట్టీ మాత్రం నా కళ్లకు కొలిచే పరికరంలా కనిపించలేదు, వట్టి ఇనపముక్కలా కనిపించింది. అది నా పొగరు, ఇంకేమీ కాదు.

"నేనేరా," అన్నాను. "నీ షెడ్డు మూయించబోయింది నేనే."

"ఊరుకో అక్కా. తుప్పు పట్టలేదుగా," అన్నాడు. ఎనభై పట్టీ తీసుకుని నాలుగు ప్లగ్గులకూ గ్యాపు పెట్టి, బిగించి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. నేను దూరంగా కూర్చున్నాను, దేని మీదా చెయ్యి వెయ్యలేదు.

గురువారం మధ్యాహ్నం మరదలూ నేనూ షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాం. టీచరమ్మ కారు వచ్చింది. ఆవిడ దిగింది గానీ ఇంజన్ ఆపలేదు. "వినండి," అంది. విన్నాం. ఇంజన్ ఒక్క కుదుపు లేకుండా సన్నగా తిరుగుతోంది. "నలుగురూ ఎత్తు మీద ఆపి ఎక్కించారు. ఒక్కసారి కూడా ఆగలేదు," అంది. మరదలు నా చెయ్యి నొక్కి వదల్లేదు. టైర్లతనికి ఇచ్చిన మాట తమ్ముడు ఆ సాయంత్రమే వాపసు తీసుకున్నాడు.

మర్నాడు షెడ్డుకు పోతే, తమ్ముడు బళ్లవాళ్ల ఫోన్ నంబర్ల పుస్తకం తెరిచి, ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాడు. "ఒకసారి మీ బండి తీసుకురండి. ప్లగ్గులకు గ్యాపు తక్కువ పెట్టాను. తప్పు నాదే."

నాలుగో ఫోన్ దాకా ఓపిక పట్టాను. "మా అక్క తప్పని చెప్పరా! అందరిదీ నెత్తినేసుకుంటావేం?" అన్నాను.

వాడు ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "వాళ్లు నమ్మి బండి ఇచ్చింది నా చేతికి కదక్కా," అన్నాడు, తర్వాతి నంబరు చదవమని పుస్తకం నా వైపు జరిపాడు.

నేను కళ్లు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాను.