లేత్ మిషన్ మీద మూరెడు మల్లెలు

మావయ్య పోయాడని ఆ ఉదయం ఫోన్లు చేసింది నేనే. అదే పొరపాటయింది. ఆటోనగర్‌లో నా మాట నమ్మే అలవాటు ఎవరికీ లేదు. ఒకాయన పొద్దున్నే ఏం జోకులురా అని పెట్టేశాడు. ఇంకొకాయన బతికున్న మనిషి మీద ఇలాంటి వేళాకోళాలేంటని తిట్టాడు. మూడో ఆయనకి చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. నీకు ఏడుపు బాగానే వస్తోంది, నాటకాల్లో చేరు అన్నాడాయన. చివరికి పక్క షెడ్డాయనని బతిమాలి అందరికీ చెప్పించాను. గుండెపోటండీ. తెల్లారకముందే అయిపోయింది.

ఆయన మా అమ్మకి తమ్ముడు. నేను పదో తరగతి తప్పి, మళ్ళీ రాసి, మళ్ళీ తప్పాక మా అమ్మ నన్ను తీసుకెళ్ళి ఆయన లేత్ షెడ్డులో పడేసింది. ఆ షెడ్డులోనే నా గడ్డం నెరిసింది. నేనెన్ని వెధవ పనులు చేసినా ఆయన వెళ్ళిపొమ్మనలేదు. "వీడు పోతే నాకు తోచదు" అనేవాడు వచ్చినవాళ్ళతో, నాకు వినబడేలా.

మా వైపు మగాడు సాయంత్రం పూలపొట్లంతో కనబడితే ఇంటికెళ్తున్నాడని అర్థం. ఎవరికని ఎవరూ అడగరు. మావయ్య మాత్రం రెండు కొనేవాడు. మైలవరం తోటల్లో పొద్దున్నే కోసిన మొగ్గలు మధ్యాహ్నానికి సైకిలు మీద మా వీధికొచ్చేవి. ఒక పొట్లం అత్తయ్యకి. రెండోది తనకి. తన మూర తీసి లేత్ మిషన్ మీదున్న లైటు కాడకి తగిలించేవాడు. కింద షాఫ్టు తిరుగుతూ ఉంటుంది, నూనె చిమ్ముతూ ఉంటుంది, పైన మల్లెమొగ్గలు ఊగుతూ ఉంటాయి. మిషన్‌కి పెళ్ళా మేస్త్రిగారూ అని లారీ డ్రైవర్లు నవ్వేవాళ్ళు. శోభనం మీ లారీతోనే అని నేను అందించేవాణ్ణి.

ఎవరొచ్చినా ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది. నీకే పువ్వంటే ఇష్టం, ఎందుకు? బండి చెడిపోయి చిరాకులో ఉన్నవాడు ముందు వింతగా చూసేవాడు. తర్వాత చెప్పేవాడు. బందరు నుంచి చేపల వ్యాను తెచ్చేవాడొకడు మరువం అన్నాడు. వాళ్ళమ్మ బజారు నుంచి చేపలమ్మి వచ్చి, చేతులెంత తోముకున్నా నమ్మకం లేక, పిల్లల్ని ముట్టుకునే ముందు మరువం నలుపుకునేదట. ఇంకొకడు, బండమనిషి, చేమంతి అన్నాడు. ఎందుకయ్యా అంటే, చెల్లెలికి అదే ఇష్టం అన్నాడు. ఆ చెల్లెలు లేదు. వాళ్ళు వెళ్ళాక మావయ్య నాతో, "చూశావా, పువ్వు పేరు అడిగితే మనిషి పేరు చెప్తారు" అన్నాడు.

మరి నీ సంగతేంటని ఒకసారి అడిగాను. చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టాడు. నూనె, ఇనప రజను. "రోజంతా ఇదే వాసనరా. సబ్బుతో పోదు. మల్లెపువ్వు వాసన తగిలితే ఇవాళ్టికి పని అయిపోయిందని తెలుస్తుంది."

కొన్నేళ్ళ కిందట ఊరందరికీ వచ్చిన జ్వరమే ఆయనకీ వచ్చింది, తగ్గింది. మళ్ళీ షెడ్డుకొచ్చాడు, మళ్ళీ రెండు పొట్లాలు. అంతా మామూలే అనుకున్నాం. ఏడాది దాటాక ఒకరోజు ఆ చేపల వ్యాను అబ్బాయి ఎండు నెత్తళ్ళ పొట్లం ఇచ్చి వెళ్ళాడు. నేను ఊరుకుంటానా? మావయ్య మల్లెమూరకి పక్కనే, లైటు వెనకాల కట్టాను. ఫ్యాను గాలికి షెడ్డంతా కంపు. పక్క షెడ్డువాళ్ళు వచ్చి తిట్టిపోయారు. ఆయన మాత్రం దాని కింద నిలబడి మధ్యాహ్నం నుంచీ షాఫ్టు కోస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి అలవాటుగా తలెత్తి ఆ మల్లెల్ని ముక్కు దగ్గరికి లాక్కుని, తృప్తిగా గాలి పీల్చి, వదిలేశాడు.

నాకు నవ్వు ఆగిపోయింది. పొట్లం విప్పి తీసుకెళ్ళి ఇదేంటో చెప్పు మావయ్యా అన్నాను. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మిషన్ ఆపేశాడు.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఏ వాసనా తెలీట్లేదురా" అన్నాడు. డాక్టరుకి చూపించుకున్నాడట. వస్తే వస్తుందన్నారట. "పని ఎప్పుడయిపోతుందో తెలీట్లేదు" అని మళ్ళీ మిషన్ వేశాడు.

సాయంత్రం షట్టర్ దించుతున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు. "మీ అత్తయ్యకి తెలీకూడదు. పూలు పెట్టుకుని నా ముందు ఒకసారి అటు తిరుగుతుంది. ఆ తిరిగేది నా కోసం కదరా. తెలిస్తే మానేస్తుంది." అప్పటికే ఆవిడకి అనుమానం వచ్చిందట, ఈమధ్య పూల సంగతి ఎత్తట్లేదేంటని అడుగుతోందట. "ఎలా ఉన్నాయో నువ్వు చెప్పు. నేను వెళ్ళి చెప్తాను. నీకు నోరుంది కదా."

మొదటిరోజు మల్లెల్లాగే ఉన్నాయి మావయ్యా అన్నాను. అది నాకూ తెలుసు, కళ్ళున్నాయి అని కసిరాడు. రెండోరోజు వెటకారంగా ఏదో అన్నాను. ఆయన పొట్లం మూసేసి, "దీంట్లో వద్దురా" అన్నాడు. అంతే. నా జీవితంలో నన్ను వేళాకోళం ఆపమని అడిగింది ఆ ఒక్కసారే.

అక్కడి నుంచి రోజూ అదో పని. షట్టర్ సగం దించి, పొట్లం విప్పి, కళ్ళు మూసుకుని వాసన చూసేవాణ్ణి. ఆయన చేతులు తుడుచుకుంటూ ఎదురుచూసేవాడు. ఇవాళ మల్లెలు కొత్తకోడల్లా ఉన్నాయి మావయ్యా, గుమ్మంలోనే నిలబడ్డాయి, లోపలికి రావడానికి సిగ్గుపడుతున్నాయి అనేవాణ్ణి. వానపడ్డ రోజున, ఏడ్చి మొహం కడుక్కున్న పిల్లలా ఉన్నాయి అన్నాను. సంపంగిదండ తెచ్చిన రోజున, ఇది పెళ్ళిళ్ళలో పెద్దగా మాట్లాడే మేనత్త, మనిషి వెళ్ళిపోయినా గొంతు ఇంట్లోనే ఉంటుంది అన్నాను. ఆయన పెదాలు కదిపి ఒకసారి వల్లించుకుని, స్కూటరెక్కేవాడు. మల్లెల కాలం అయిపోయి కనకాంబరాలు వస్తే, వీటికి వాసనే లేదు, ఇవాళ నువ్వూ నేనూ ఒకటే అన్నాను. ఆ రోజు మాత్రం గట్టిగా నవ్వాడు.

నాకు భయంగానే ఉండేది. నేను ఊళ్ళో ఎందరినో ఆట పట్టించాను గానీ అందులో చివరికి అందరూ నవ్వే రోజొకటి ఉంటుంది. దీనికి అలాంటి రోజు లేదు. అత్తయ్యతో చెప్పెయ్యి మావయ్యా, ఆవిడేం అనుకోదు అని నాలుగైదుసార్లు పోరాను. చెప్తాను, చూద్దాం అనేవాడు. చూడకుండానే పోయాడు.

పదోరోజున చుట్టాలు అత్తయ్యని కూర్చోబెట్టి జరిపించాల్సింది జరిపించారు. ఆవిడ తల్లోంచి పూలు తీసేటప్పుడు నేను ఆ గదిలో ఉండలేక బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆ తర్వాత వారానికి అత్తయ్య ఫోన్ చేసింది. "వచ్చేటప్పుడు మల్లెపూలు తీసుకురారా" అంది. మళ్ళీ తనే, "తల్లోకి కాదులే, ఇంట్లో ఉండాలి" అంది.

వెళ్ళాను. పటమటలో రెండు గదుల వాటా. ఆవిడ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. పొట్లం విప్పకుండానే మావయ్య గురించి మొదలుపెట్టింది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇన్ని మాటలు లేవట. పూలు తెచ్చేవాడు, బాగున్నాయి అనేవాడు, అన్నం తినేవాడు, అంతేనట. ఈ చివరి రోజుల్లోనే ఏమైందో, రోజుకో మాట అనేవాడట. "కొత్తకోడల్లా గుమ్మంలోనే నిలబడ్డాయన్నాడురా ఒకసారి. ఆ మనిషికి అలాంటి మాటలు ఎక్కడినుంచొచ్చాయో. వయసు మీదపడ్డాక నన్ను చూడటం మొదలుపెట్టాడనిపించింది."

ఆవిడ నోట మొహం కడుక్కున్న పిల్ల కూడా వచ్చింది. మేనత్త కూడా వచ్చింది. ఒక్కటీ మర్చిపోలేదు. నేను తల వంచుకుని విన్నాను. నా మాటలు ఆయనవైపోయినందుకు కాదు నా బాధ, పోనీండి. అవి ఆయనవి కాదని తెలిస్తే ఆవిడకి మిగిలేదేంటి? చెప్పకపోతే నేనెవర్ని? ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేపర్లో ఆఖరి పేజీ దాకా చదివే మనిషి. ఇది ఆవిడ కంటపడితే ఏమవుతుందో నాకు తెలీదు. అత్తయ్యా, ఒకవేళ చదివితే ఒక్కటి మాత్రం నిజం, ఆ మాటలు నీ దగ్గరికి తీసుకురావాలని రోజూ సగం దించిన షట్టర్ దగ్గర నిలబడ్డది ఆయనే.

ఆ మాటలన్నీ అయ్యాక ఆవిడ మావయ్య చివరిరోజు సంగతి చెప్పింది. ఆ రోజు నేను షెడ్డులో లేను. మా ఆవిడ తరఫువాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాను. మావయ్య ఎప్పట్లాగే పొట్లం తెచ్చాడట. విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడట. ఎలా ఉన్నాయండీ అని ఆవిడ అడిగితే, "రేపు చెప్తాను" అన్నాడట.

"ఏం చెప్దామనుకున్నాడో" అంది అత్తయ్య. పొట్లం విప్పి, మొగ్గల్ని రెండు చేతుల్లోకి తీసుకుని నా ముందు పట్టుకుంది. "నువ్వు చెప్పరా, ఎలా ఉన్నాయి? ఊరంతా మాట్లాడతావు కదా."

నోరు తెరిచానంటే ఆవిడ పట్టేస్తుంది. నేను ఏ మాటన్నా ఆవిడ ఇన్నాళ్ళూ విన్న గొంతే అది.

"జలుబు చేసింది అత్తయ్యా, వాసన తెలీట్లేదు" అన్నాను.

ఆవిడ నన్ను ఓ క్షణం చూసింది. మొగ్గల్ని పళ్ళెంలో పోసి, మిరియాల పాలు కాస్తాను కూర్చో అని వంటింట్లోకి వెళ్ళింది. రోట్లో మిరియాలు దంచుతున్న చప్పుడు వినబడుతోంది. చీకటి పడుతోంది. నేను పళ్ళెం ముందు కూర్చుని, వాసన తగలకుండా నోటితో ఊపిరి తీసుకుంటున్నాను. మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి.