జరీకి నిలబడని అక్షరం

నిన్న పెనుకొండ నుంచి ఒక పెండ్లి పత్రిక వచ్చింది. వధూవరుల పేర్లు మొదలుకొని కల్యాణ మండపం అడ్రసు దాకా అన్నీ మా ఆయన తయారుచేసిన ఫాంటు అక్షరాల్లోనే అచ్చేశారు. పేర్లకు మాత్రమే వాడండ్రా నాయనా, అడ్రసుకు కూడా వాడితే ఆ వంపులు చదవలేక చుట్టాలు ఇంకొకరి పెండ్లిలో భోంచేసి పోతారని ఆయన ఎంతమందికి చెప్పాడో. వింటేగా!

ఆ ఫాంటును హిందూపురంలో మా పెండ్లి పత్రికల అంగట్లో కూర్చుని ఆయన రెండేండ్లు చెక్కాడు. ముందు వెదురు కలంతో కాగితం మీద రాసి, తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించి ఒక్కో వంపూ సరిచేసేవాడు. కొమ్ము కిందికి దిగి, వెనక్కి తిరిగి, కొస వెంట్రుకంత సన్నమై ఆగేది. ఆ కొసంటే ఆయనకు ప్రాణం. మా పాప పెండ్లి కుదిరినప్పుడు, ధర్మవరంలో నేయిస్తున్న ముహూర్తం చీర కొంగులో ఇద్దరి పేర్లూ ఆ అక్షరాల్లోనే రావాలని పట్టుబట్టిందీ ఆయనే.

ముహూర్తం ఇరవై రోజులుందనగా నేసే ఆయన ఫోన్ చేశాడు. "అక్కా, బావ రాసిన కొమ్ముల తోకలు జరీకి నిలబడల్యా. తెగి తెగి చుక్కలు పడతాండాయి. లావుగా గళ్ల కాగితం మీద రాసి పంపించమను. నాలుగు దినాల్లో రాకుంటే పేర్లు లేకుండానే నేసేస్తా."

ఆ కాగితంలో ఏ గడి నింపితే మగ్గం మీద ఆ దారం లేస్తుందట. తెచ్చి ముందు పెట్టాను. "నా అక్షరాన్ని లావు చేసేదా? కుదరదు పో" అని తోసేశాడు. ఒక రోజు, రెండు రోజులు. నాకు అన్నం సహించలేదు. కొంగులో పేర్లొస్తాయని వియ్యపురాలికి ముందే గొప్పలు చెప్పేసి ఉన్నాను మరి. మూడో రోజు మధ్యాహ్నం అంగట్లోనే ఎగిరిపడ్డాను. "బిడ్డ పెండ్లి కంటే మీకు ఆ తోక ఎక్కువైపోయిందా?"

ఆయన పెన్సిలు తీసుకుని ఒక గడి నింపబోయాడు. గీత పక్క గడిలో పడింది. ఇంకోటీ అంతే. పెన్సిలు కింద పెట్టేశాడు.

"గళ్లు కనపడల్యామే."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాదాయ. అంగడి మూయిస్తావని చెప్పలా."

కంప్యూటర్లో అక్షరాన్ని గుమ్మడికాయంత చేసుకుని చూసేవాడని అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని నేను శ్రద్ధ అనుకున్నాను, నా మొహం! ఏడవడానికి కూడా తీరిక లేదు. పెన్సిలు నేను తీసుకున్నాను. ఆయన కండ్లు మూసుకుని, "మూడు గళ్లు దిగు. ఆడ ఆగు. ఇప్పుడు ఎడమకు రా" అని చెబుతుంటే పొద్దు వాలేదాకా నింపాను.

చీర ముహూర్తానికి రెండు రోజుల ముందు వచ్చింది. అక్షరాలు లావుగా, మెట్లు మెట్లుగా ఉన్నాయి, పత్రికల్లోని సొగసు లేదు. ఏమంటాడోనని భయపడుతూనే కొంగు ఆయన ఒళ్లో పరిచాను. వేలితో జరీ తడుముతూ పాప పేరు మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"ఇదే బాగుండాది" అన్నాడు.

ఉన్న చూపు నిలబెడతాను గానీ పోయింది తేలేనన్నాడు కండ్ల డాక్టరు. ఆయన దాచిన ఆ ఏడాదంతా నేను ఆయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. ఒక మనిషికి చీకటి పడుతుంటే, పక్కన ఉన్న మనిషికి తెలియకుండా ఒక ఏడాది అంత సులువుగా గడిచిపోతుంది.