నిరూపణ చెవికి వినబడాలంటే

శుక్రవారం పొద్దున ఆరున్నరకు జనగామలో రైలెక్కాను. సంచిలో లాప్‌టాప్, అందులో రెండేళ్ల పని. లెక్కల్లో ఒక నిరూపణ రాస్తే, వాక్యం వాక్యం పరీక్షించి సరైందో కాదో తేల్చే ప్రోగ్రాం. ఇలాంటివి ఇంగ్లీషులో, నిపుణుల కోసం ఉన్నాయి. మన పిల్లలకూ, చూపు లేనివాళ్లకూ పనికొచ్చేలా తెలుగులో చేశాను. పనికొస్తుందా అన్నదే భయం; ఇవాళ రెండు ఊళ్లలో వాడించి చూడాలి.

"గంత గట్టిగ పట్టుకున్నవేంది కొడుకా, బంగారమా?" ఎదురు సీట్లో ముసలమ్మ అడిగింది.

"లెక్కలు, అవ్వా."

"లెక్కలైతే ఎవడెత్తుకపోతడు!"

తొమ్మిదికి మహబూబాబాద్. స్టేషన్ బయట ఇడ్లీ తిని డిగ్రీ కాలేజీకి వెళ్లాను. తండా నుంచి వచ్చి చదివే జ్యోతి రెండు వాక్యాలు టైపు చేసింది. తెరంతా ఎరుపు. కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"తప్పు తప్పంటది సార్, ఏడనో చెప్పది. నాకే రాదనిపిస్తది."

ఆమె ఆలోచన సరైందే. 'క' అంటే ఏ సంఖ్యో చెప్పడం మరిచింది, అంతే. అక్కడే కూర్చుని "ముందు 'క' ఏ సంఖ్యో చెప్పండి" అనేలా మార్చాను. "గిట్ల చెప్తే అయిపాయె గద" అంటూ నిరూపణ ముగించింది.

పదకొండుకు బస్సు, నర్సంపేటలో ఇంకో బస్సు. భూపాలపల్లి చేరేసరికి మూడు. దారంతా అక్కడి సరితా మేడం ఫోన్‌లో అన్న మాటే చెవుల్లో ఉంది: "ఇది గూడ పనిచెయ్యకుంటే నా పిల్లలకు చూపియ్యను తమ్మీ." ఆమెకు చూపు లేదు. చూపు లేని నలుగురు పిల్లలకు లెక్కలు చెబుతుంది.

ఇంట్లో చాయ్ ఇచ్చి కూర్చుంది. రెండు బేసి సంఖ్యల మొత్తం సరి సంఖ్యేనని నిరూపిస్తూ టైపు చేసింది. లాప్‌టాప్ ఒక్కో అక్షరం చదివి వినిపిస్తోంది. ముగించి ఆగింది. లాప్‌టాప్ ఇంకేమీ పలకలేదు.

"ఏమన్నది?"

"పచ్చగైంది మేడం. సరైందని."

"గది నాకెట్ల తెలియాలె?"

సిగ్గుతో తల వంచాను. రెండేళ్లలో నాకు తట్టని ప్రశ్న. ఫలితాన్ని కూడా పైకి చదివేలా మారుస్తూ నలభై నిమిషాలు కూర్చున్నాను. మేడం మళ్లీ టైపు చేసింది. "నిరూపణ పూర్తయింది" అంది లాప్‌టాప్ గొంతు. ఆమె మూడుసార్లు విన్నది. తర్వాత కావాలనే ఒక వాక్యం తీసేసింది. "మూడో వాక్యానికి కారణం లేదు" అంది గొంతు.

ఆమె మొహం విప్పారింది. "సోమవారం పిల్లలను కూసోపెడత. నువ్వు ఫోన్ కాడనే ఉండాలె."

ఐదున్నరకు హనుమకొండ బస్సు. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు దాటాక కిటికీ దించి కళ్లు మూసుకున్నాను. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు ఒక్కో ఊరికి ఒక్కో రోజు పెట్టుకోండి. నాకు ఊరికో పూట చాలలేదు. రెండు చోట్ల రెండు పొరపాట్లు దొరికాయి. నేనింకా కలవనివాళ్ల దగ్గర ఎన్ని దొరుకుతాయో. సోమవారం నలుగురు పిల్లలు నా ప్రోగ్రాంను నమ్మి కూర్చుంటారు.