టాపు మీది బొక్కలు

పటాన్‌చెరులో హైవే పక్కన మా రేకుల షెడ్డు ఉండేది. నాకు పని నేర్పిన ఉస్తాద్‌తోనే చాలా ఏళ్లు కలిసి చేశాను. ఆయనది డెంటింగు, నాది వెల్డింగు, పెయింటింగు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే మందుల వాసనలో మా థిన్నరు వాసన కలిసిపోయి, ఏది ఎక్కడిదో తెలిసేది కాదు.

అలాంటి ఒక ఎండాకాలం హత్నూర దిక్కు నుంచి ఒకాయన చిన్న తెల్ల వ్యాను తెచ్చాడు. అంతకుముందు అది ఒక ఫ్యాక్టరీ అంబులెన్సు. వేలంలో కొన్నాడట. మీది ఎర్రలైటు, పక్కల బోర్డులు, లోపలి కొక్కేలు అన్నీ ఊడదీసి ఉన్నాయి. బోల్టులు పోయిన చోటల్లా బొక్కలే.

"అన్నీ మూసెయ్యుండ్రి. నీలం రంగు కొట్టుండ్రి. కూరగాయలు ఏసుకపోత," అన్నాడు. మాట్లాడినంతసేపూ బండి వైపు చూడలేదు.

బొక్కలో ఉత్త పుట్టీ నింపి రంగు వేస్తే ఒక్క వానకే ఊడి వస్తుంది. బొక్కకు సరిపడా రేకు ముక్క కత్తిరించి, గ్యాసు వెల్డింగుతో అతికి, వేడి మీదే చదును చేయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటే, ఇంకొకరు బయట సుత్తితో కొట్టాలి. లోపల దిమ్మ ఉంటే దెబ్బ గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. లేకపోతే రేకు డబ్బాలా మోగుతుంది. పని తెలిసినవాడికి ఆ తేడా చూడక్కర్లేదు, వింటే చాలు.

పక్కల బొక్కలు అయిపోయాయి. టాపు మీది ఎర్రలైటు బొక్కలు మిగిలాయి. ఉస్తాద్ లోపల, నేను స్టూలు మీద. అద్దాలకు తెల్ల రంగు పూసి ఉండడం వల్ల లోపల ఏమీ కనబడేది కాదు. ఒక ముక్క అతికి, అతుకును చల్లార్చే తడిగుడ్డ ఆరిపోతే షెడ్డు వెనక నల్లా దగ్గరికి పోయి ముంచుకొచ్చాను. వచ్చేసరికి వెనక డోరు మూసి ఉంది. స్టూలెక్కి, అతుకును మళ్లీ వేడి చేసి కొట్టాను. దెబ్బ గట్టిగా పలికింది.

"ఉస్తాద్, జెర ఎడమకు," అన్నాను.

దిమ్మ ఎడమకు జరిగింది. ఆ జరిగిన గీరుడు టాపుకు ఆనించిన నా చేతికి తెలిసింది. ఎక్కడ కొడితే అక్కడ ఆనుతోంది. కొంచెం సేపటికి నేను చెప్పకముందే జరగసాగింది. ఆ అతుకు అంత నునుపుగా రావడం ఎప్పుడూ చూడలేదు. సంతోషమనిపించింది కూడా.

తల ఎత్తితే ఉస్తాద్ రోడ్డు దాటి వస్తున్నాడు. నెత్తిన టోపీ, నమాజుకు పోయి వస్తున్నాడు.

సుత్తి కిందపెట్టాను. స్టూలు మీది నుంచే "లోపలెవరున్నరు?" అన్నాను.

"ఎవలుంటరు? అజాన్ అయింది, నేను పోయిన," అన్నాడు. నా మొహం చూసి వెనక డోరు తీశాడు. ఎవరూ లేరు. దిమ్మ షెడ్డులో బల్ల మీద ఉంది. ఆయన లోపలికెక్కి, చల్లబడ్డ అతుకు మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు.

"ఇయ్యాల బంద్ చేద్దాం భాయ్," అన్నాడు.

మర్నాడు బండాయన పని ఎంతవరకొచ్చిందో చూడ్డానికి వచ్చాడు. చెప్పకూడదనుకున్నాం గానీ నా నోరు ఆగలేదు. ఆయన నవ్వుతాడనుకున్నాను. బండి మెట్టు మీద కూచుండిపోయాడు.

"మా తమ్ముడు గా ఫ్యాక్టరీలనే చేసెటోడు. మీద ఆసిడ్ వడ్డది. గిదే బండ్ల ఏసినం. డ్రైవర్‌కు దవాఖాన తొవ్వ తెల్వదు, నేను ముందట కూసున్న. నడుమ రేకు అడ్డం. వానికి మాట వస్తలేదు. పాణం ఉన్నదో లేదో నాకెట్ల తెల్వాలె? టాపు కొట్టుకుంట ఉండురా, నేను ఇంటుంట అన్న. కొట్టిండు. చందానగర్ దాంక కొట్టిండు. ఆడ ఆగిపాయె."

ఉస్తాద్ జేబులోంచి టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"నిన్న ఎంతసేపు కొట్టిండు?" అని నన్నడిగాడాయన.

"నేను ఆపేదాకా," అన్నాను.

ఆయన లోపలికెక్కి, నేల మీద వెల్లకిలా పడుకుని, నడుం సగం ఎత్తి, చెయ్యి చాచి టాపును లోపలి నుంచి మెల్లగా కొట్టాడు. ముగ్గురం ఎదురుచూశాం. రోడ్డు మీద లారీల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకోసారి కొట్టాడు. లేచి దుమ్ము దులుపుకుని, "మిగిలినయి గూడ మూసెయ్యుండ్రి," అన్నాడు.

మూసేశాం. దిమ్మ పట్టుకున్నంతసేపూ ఉస్తాద్ గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాడు, తను లోపల ఉన్నానని నాకు తెలిసేలా. ప్రైమరు కొట్టి, నీలం రంగు వేశాం. ఎక్కడ ఏ బొక్క ఉండేదో మాకే గుర్తుపట్టరాలేదు.

బండి తీసుకుపోవడానికి ఆయన తమ్ముడి భార్యను వెంట తెచ్చాడు. ఆమెకు ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో మాకు తెలియదు. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ఆయన ముందు డోరు తీసి పట్టుకున్నాడు.

"ముందట కూసోమ్మా. ఎనక సీట్లు లెవ్వు."

"నేను ఎనకనే కూసుంట బావా," అందామె.

గోనెసంచి పరుచుకుని, ఒంటరిగా, వెనక కూచుంది. ఆయన చప్పుడు కాకుండా వెనక డోరు దగ్గరికి వేశాడు.