టాంకీ మేస్త్రీ అతికిన రేసు కారు

ముందే ఒప్పుకుంటున్నాను, నా నోట పడిన ఏ సంగతీ అసలు కొలతలతో బయటికి రాదు. ఇందులోనూ కొంత కలిపాను, ఎంతన్నది చివర్లో చెబుతాను. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో బహ్రెయిన్ ఎండ ఎలా ఉండేదంటే, నువైద్రాత్‌లో మేం ఫైబర్ నీళ్ల టాంకీలు చేసే షెడ్డు ముందు చెప్పులు విడిస్తే సాయంత్రానికి అప్పడాలయ్యేవి. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆవిరైపోయాయని చెప్పాను.) పక్కనే పెయింటు షాపు, అందులో ఏసీ. నా జీవితాశయమంతా ఆ గోడకు అవతలే ఉండేది.

ఒకరోజు మా కఫీల్, అంటే మా వీసాల యజమాని, పైకప్పు లేని పాతకాలపు రేసు కారుకు నకలు కట్టించుకోవాలని, విడిభాగాలుగా వచ్చే మూడు కిట్ల క్యాటలాగులు తెచ్చాడు. మొదటిది చవక: ఫైబర్ ఒళ్లు మాత్రమే ఇస్తారు, ఇంజను సామానంతా ఏ పాత కారు నుంచో మనమే ఊడబీక్కోవాలి. రెండోదానికి సొంత చట్రం, గట్టి బ్రేకులు. మూడోది బోల్టుల దాకా అచ్చం అసలుదే; ధర వింటే అక్కడికక్కడే జ్వరం. కఫీల్ మూడోదాని ఫొటోను ముద్దుపెట్టుకుని మొదటిది కొన్నాడు. "ఒళ్లు బాగా అతికితే నువ్వు ఏసీలోకి. లేదంటే టాంకీలే, ఖలాస్" అని తన గల్ఫు హిందీలో తేల్చేశాడు.

ఆయన డ్రైవరు, మా కరీంనగర్ భాయ్, నవ్వాడు. "టాంకీలు అతికేటోనికి కారు సంగతేం తెలుస్తది రా?"

"సూస్తుండు భాయ్."

సందు కనిపిస్తే మూసెయ్యడం మా పనిలో మొదటి పాఠం. టాంకీ తయారవగానే నీళ్లు నింపి చూడటం రెండోది. కారు ఒంటికీ ఆ మర్యాదే చేశాను. పై అంచు దాకా పైపుతో నింపాను, తెల్లారి చూస్తే చుక్క తగ్గలేదు. నీళ్లు తోడేశాక భాయ్ చుట్టూ తిరిగి, "మంచిగనే ఉంది గని, తలుపెట్ల తీస్తవ్?" అన్నాడు.

రెండు తలుపుల సందులూ మూసేశానని అప్పుడు తెలిసింది.

"కోసెయ్ రా, సేటు వస్తున్నడు."

"కొయ్య. గింత గట్టిగ అతికినదాన్ని కోసుడేంది?"

కఫీల్ రానే వచ్చాడు. తలుపు కోసం తడుముతుంటే మూడో క్యాటలాగు తెరిచి ముందు పెట్టాను. ఆ ఖరీదైన కారుకూ తలుపుల్లేవు, వాటి చోట గీతలే ఉన్నాయి. "అసలు రేసు బండికి తలుపుండదు సేఠ్. మొదటిదాని ధరకు మీకు మూడోది వచ్చింది" అన్నాను. ఆయన ఫొటోను చూశాడు, నన్ను చూశాడు, తెల్లటి అంగీ మోకాళ్ల పైకి ఎత్తిపట్టి, పడవెక్కినట్టు అంచు దాటి లోపల కూర్చున్నాడు. "యల్లా, కానీండి, ఇంజను పెట్టండి."

మర్నాటి నుంచి నేను ఏసీలో. ఇప్పుడు నా కారుకు నాలుగు తలుపులు; వానొస్తే నాలుగింటా నీళ్లే. అప్పుడల్లా అప్పటి నన్ను, ఆ మొండి కుర్రాణ్ణి, పిలిచి అతికించుకోవాలనిపిస్తుంది.

ఇక కలిపిన సంగతి. చెప్పుల విషయం మీరే పట్టేసి ఉంటారు. రెండోది, అంత నిబ్బరంగా మాట్లాడానన్నది: నిజానికి క్యాటలాగు తలకిందులుగా పట్టుకున్నాను. నీళ్లు పోసింది మాత్రం నిజం. మళ్లీ కట్టమన్నా మళ్లీ పోస్తాను.